ఎవరి చేతి పని

అత్తగారు టెస్టింగ్ మీటరు పట్టుకెళ్లి వంటింట్లో పిండి డబ్బాలో పడేసి, మూత బిగించి, దాని మీదే కూర్చుంది.

ఉదయం ఎనిమిదింటికి ఆ ఇంటి పరిస్థితి ఇదీ. పొయ్యి మీద పాలు పొంగి చల్లారిపోయాయి. తుడిచే నాథుడు లేడు.

కోడలు గుమ్మంలో నిలబడింది. వీధిలో అందరూ ఆమెని మీటరమ్మ అంటారు. కార్లలో కరెంటు పని ఏదొచ్చినా ముందు మీటరు పెట్టి కొలిచిగానీ చెయ్యి వెయ్యదు మరి. ఎగతాళికి పెట్టిన పేరే అయినా ఆరేళ్లలో అదే గౌరవమై కూర్చుంది. ఇప్పుడు ఆ గౌరవం పిండిలో ఉంది.

"లేవండి అత్తయ్యా. నాకు పనుంది."

"నా కొడుకు కాలు విరిచావు. ఇంకా ఏం కొలుస్తావు?"

మూడు రోజులుగా ఇదే మాట. ఇంట్లో చెప్పింది చాలక, మందుల కొట్లో చెప్పింది, కుళాయి దగ్గర చెప్పింది, ఎదురింటావిడని పిలిచి మరీ చెప్పింది. చిన్నోడు, అంటే మీటరమ్మ మరిది, వానలో వంతెన దిగుతూ ఇంటి కారుని గోడకి కొట్టాడు. కుడికాలు రెండు చోట్ల విరిగింది. ఆసుపత్రి మంచం మీద అతను చెప్పింది ఇంతే. స్టీరింగ్ వెనకున్న మీటర్ల పెట్టెలో ముళ్లన్నీ ఉన్నట్టుండి సున్నా మీద పడ్డాయి, ఎర్రదీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి, ఏమైందా అని కిందికి చూశాడు, తలెత్తేసరికి గోడ. ఆ మీటర్ల పెట్టె తీగలు నెల కిందట బాగు చేసింది మీటరమ్మే. అత్తగారికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అత్త పగలగొట్టింది అడుగోటి కుండ, కోడలు పగలగొట్టింది కొత్త కుండ అని పెద్దలు ఊరికే అనలేదు.

పెద్దమేస్త్రీ వంటింట్లోకి వచ్చాడు. ఆయన మీటరమ్మ మామగారు. కార్లు బాగుచేసే షెడ్డు ఆయనది, మాటా ఆయనదే. చిన్నకొడుకుకి బట్టలు ఇవ్వడానికి ఆసుపత్రికి బయల్దేరుతున్నాడు, చేతిలో సంచీ ఉంది.

"డబ్బా దిగు," అన్నాడు పెళ్లాంతో.

ఆవిడ దిగింది. దిగుతూ దిగుతూ, కోడలికి అలుసిస్తే కొంప కూలుతుందని గోడకి చెప్పింది.

ఆయన మీటరు తీసి, పంచె అంచుతో పిండి దులిపి కోడలికిచ్చాడు. అంతమాత్రాన ఆయన తన పక్షం అని మీటరమ్మ భ్రమపడలేదు. నిన్న సాయంత్రం అందరి ముందూ ఆయన చెప్పిన తీర్పు ఇంకా చెవుల్లోనే ఉంది. ఈ మధ్యాహ్నం భోజనాల వేళకి తప్పెక్కడుందో చూపించాలి. అది ఆమె చేతిదైతే కిటికీ పక్కనున్న తన పనిబల్ల ఖాళీ చెయ్యాలి. మళ్లీ షెడ్డులో పనిముట్టు ముట్టుకోకూడదు.

ఆ బల్ల గురించి ఒక్కమాట చెప్పాలి. పుట్టింట్లో రేడియోలు విప్పి తిట్లు తిన్న పిల్ల ఆమె. పెళ్లై వచ్చిన మొదటి ఏడాదే, ఇద్దరు మేస్త్రీలు వదిలేసిన బండిని ఆమె ఒక్క పూటలో లేపితే, పెద్దమేస్త్రీ ఏమీ మాట్లాడకుండా వెళ్లి కిటికీ పక్కన బల్ల వేయించాడు. కన్నతండ్రి ఇవ్వనిది మామగారు ఇచ్చాడని ఆమె ఆ రోజు ఏడ్చింది. ఇచ్చిన చెయ్యే ఇప్పుడు లాక్కుంటానంటోంది. 

షెడ్డులో కారు ముక్కు నలిగి, ఎడమ దీపం పగిలి నిలబడి ఉంది. ఇంజను మాత్రం ఆడుతోంది. పక్క వరసలో ఆమె మొగుడు ఒక కారు తలుపుని గరుకు కాయితంతో రుద్దుతున్నాడు. రంగుల పని అతనిది. ఆమె వచ్చినా తల ఎత్తలేదు. మూడు రోజులుగా మొగుడూ పెళ్లాల మధ్య "అన్నం పెట్టు", "పెట్టాను" తప్ప మాటల్లేవు.

అత్తగారు ఊరుకుంటుందా? స్టూలు తెచ్చుకుని షెడ్డు గుమ్మంలో వేసుకుని కాపలా కూర్చుంది. కోడలు దొంగచాటుగా ఏ తీగో మార్చేసి చేతులు దులుపుకుంటుందని ఆవిడ అనుమానం. ఆ అనుమానం మనసులో దాచుకోలేదు కూడా, పైకే అంది.

మీటరమ్మ కారుకి తప్పులు చదివే స్కానరు తగిలించింది. ఇప్పటి కారులో ఇంజనుకో కంప్యూటరు, బ్రేకులకో కంప్యూటరు, మీటర్ల పెట్టెకో కంప్యూటరు ఉంటాయి. అవన్నీ రెండంటే రెండు సన్నటి తీగల మీద మాట్లాడుకుంటాయి. ఇంజను తన వేగం ఎంతో చెబుతుంది, పెట్టె విని ముల్లు లేపుతుంది. ఆ మాట అందకపోతే ముల్లు పడిపోతుంది. స్కానరు తెర మీద పాత ఫిర్యాదులు వరసగా వచ్చాయి. మీటర్ల పెట్టె జవాబివ్వలేదని ఇంజను చెప్పింది, బ్రేకులూ అదే చెప్పాయి. తారీఖు ప్రమాదం రోజుదే. ఇప్పుడెలా ఉందని అడిగితే అంతా బాగుందంది.

బాగుండటమే ఆమెకి వచ్చిన చిక్కు.

పెట్టెకి కరెంటు వస్తోందా అని చూసింది, వస్తోంది. ఎర్త్ తీగ గట్టిగానే ఉంది. బ్యాటరీ విప్పి ఆ రెండు తీగల మధ్య కొలిస్తే సరిగ్గా అరవై ఓములు చూపించింది, అంతే ఉండాలి. ఎక్కడా తెగలేదు, ఎక్కడా కలిసిపోలేదు. బ్యాటరీ మళ్లీ బిగించి, ఇంజను వేసి, పెట్టె వెనక చెయ్యి దూర్చి తీగల్ని అటూ ఇటూ కదిలించింది. ముల్లు నిలబడ్డ చోటే నిలబడింది. గంట పది దాటింది. దొరకని తప్పు చేసినవాళ్లదే అవుతుంది, అదీ ఆ షెడ్డు న్యాయం.

"ఏం, కొలతలు తేలలేదా?" అంది అత్తగారు స్టూలు మీద నుంచి.

మీటరమ్మ స్కానరు పక్కన పెట్టింది. బండి దగ్గర తేలనిది మనిషి దగ్గర తేలుతుందేమోనని మరిదికి ఫోన్ చేసింది. అతను ఎత్తీ ఎత్తగానే విరుచుకుపడ్డాడు. నొప్పితో రాత్రంతా నిద్ర లేదన్నాడు, ఇంక డ్రైవింగ్ పని దొరుకుతుందో లేదో అన్నాడు, నీ ప్రయోగాలకి నా కాలే దొరికిందా వదినా అన్నాడు. ఆమె అన్నీ వింది. అడగాల్సింది ఒక్కటే అడిగింది. ఆ క్షణంలో బండిలో ఏమేం వేసి ఉన్నాయి?

వానలో ఏం వేస్తారు, లైట్లు, ఫ్యాను, వైపర్లు, అని ఫోన్ పెట్టేశాడు.

ఒక్కొక్కటీ వేసి చూసింది. లైటు వేసింది, ఏమీ కాలేదు. ఫ్యాను వేస్తే గాలి వచ్చింది, ముల్లు కదల్లేదు. వైపర్లు వేసింది. మొదటి ఊపుకి ఏమీ లేదు. రెండో ఊపుకి ఇంజను ముల్లు వణికింది. వేగం పెంచింది.

ముళ్లన్నీ దబ్బున పడిపోయాయి. ఎర్రదీపాలన్నీ వెలిగాయి.

వైపరు ఆపింది, ముల్లు లేచింది. వేసింది, పడింది. నాలుగుసార్లు చేసింది. దొరికిందన్న సంతోషం ఒక్క క్షణమే. ఆ వెంటనే భయం. నెల కిందట ఎలుకలు కొరికిన ముక్క తీసి బారెడు కొత్త తీగల జత వేసింది తనే. ఎండాకాలం. వైపర్లు వేసి చూడాలని తనకి తోచలేదు. అదొక తప్పు, దాన్ని ఆమె తన దగ్గర తను దాచుకోలేదు.

కానీ ఆ జతకి వైపర్లతో ఏం పని? తీగలు మెలేసి ఉంటే బయటి గోల దానికి అంటదు. ఆ రెండు తీగల్నీ తాడు పేనినట్టు ఒకదాని చుట్టూ ఒకటి మెలెయ్యడం అందుకే. పక్కన ఏ మోటారు నిప్పురవ్వలు కొట్టినా ఆ దెబ్బ రెండిటికీ సమానంగా తగిలి చెల్లిపోతుంది. తను మెలేసే వేసింది. మూరకెన్ని మెలికలో లెక్క చూసుకుని మరీ వేసింది.

ఇంజను ఆపి, స్టీరింగ్ కింద పలక విప్పి టార్చి వేసింది.

టార్చి ఇంకా దగ్గరకి పట్టింది.

మెలికలు లేవు. ఒక్కటీ లేదు. తను వేసిన అతుకు ఒకవైపు విప్పి, తీగలు సాపు చేసి, మళ్లీ అతికి ఉంది. దువ్విన జడలా తిన్నగా పక్కపక్కనే పరిచి, కింద వైపరు మోటారుకి వెళ్లే లావు తీగతో కలిపి, జానెడుకో ముడి చొప్పున మైనం దారంతో కట్టి ఉంది. ఎంత అందమైన కట్టు! ఒక ముడికి ఇంకో ముడి వెంట్రుకవాసి తేడా లేదు.

ఆ షెడ్డులో అందరూ నల్లటేపు చుడతారు. దారంతో కట్టేది ఒక్కరే.

"దొరికిందా నీ నిర్వాకం?" అంటూ అత్తగారు లేచి వచ్చింది. కోడలి భుజం మీంచి వంగి టార్చి వెలుగులోకి చూసింది. నోట్లో ఉన్న తిట్టు నోట్లోనే ఉండిపోయింది.

వారం వారం కొవ్వొత్తి ముక్కతో రుద్ది ఆ దారానికి మైనం పట్టించి ఉండలు చుట్టి ఇచ్చేది ఆవిడే. నలభై ఏళ్లుగా ఆవిడ వేళ్ల మీద ఆ మైనం వాసన పోలేదు. కళ్లు మూసుకుని తడిమినా ఆ ముడి ఎవరిదో ఆవిడ చెప్పగలదు. ఇక్కడ కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఇదేనా?" అంది చివరికి, గొంతు తగ్గించి.

మీటరమ్మ ఇంజను వేసి, వైపర్లు వేసి చూపించింది. ముల్లు పడిపోయింది. ఇంజను ఆపింది.  పక్క వరసలో రుద్దుడు చప్పుడు కూడా ఆగిపోయింది.

అప్పుడు మీటరమ్మకి గుర్తొచ్చింది. నెల కిందట సాయంత్రం తీగలు అతికి, పలక ఒక్కటీ మూయకుండా లోపలికి వెళ్లింది. పొద్దున్న వచ్చేసరికి పలక మూసి ఉంది. నేనే మూశానని మామగారు అన్నాడు. స్కానరు బాగుందంది, బండి చిన్నోడికి ఇచ్చేసింది. విప్పి చూడలేదు.

ఆమె మొగుడి వైపు తిరిగింది.

"ఆ రోజు మీరు ఇక్కడే ఉన్నారు కదూ?"

అతను చేతిలో గరుకు కాయితం మడతపెట్టాడు. మళ్లీ విప్పాడు.

"లైటు పట్టుకున్నాను," అన్నాడు.

"మూడు రోజుల నుంచి ఎందుకు చెప్పలేదు?"

"అదే తప్పని నాకేం తెలుసు? నాన్న తీగలు సర్దారని తెలుసు. అంతే."

"ఆ అంతే అన్న ముక్కయినా చెప్పొచ్చుగా."

"నాన్న మీద చెప్పమంటావా?"

"నా మీద చెప్తుంటే విన్నారుగా."

 కుక్కిన పేనులా నిలబడ్డాడు. ఆరేళ్ల కాపురంలో ఆమెకి అతని మీద కోపం వచ్చింది, విసుగు వచ్చింది, అసహ్యం మాత్రం ఆ నిమిషమే మొదటిసారి వచ్చింది.

అత్తగారు ఒక నిర్ణయానికి వచ్చింది. ఆవిడ ఆలోచన ఎప్పుడూ కత్తెరతోనే తెగుతుంది. బల్ల మీది కత్తెర తెచ్చి కోడలి చేతిలో పెట్టింది. ఆ దారం కోసెయ్యమంది, ఆ జత పీకి పారెయ్యమంది, కొత్తది వేసి, తప్పు నాదేనని మామగారితో అనమంది. నీకేం, వయసుంది, చదువుంది, ఇంకో షెడ్డులో రేపే పని దొరుకుతుంది. ఆయనకి ఈ చేతులు తప్ప ఏముంది?

"కొడుకు కాలు తన చేత్తో విరిగిందని తెలిస్తే ఆయన బతకడే," అంది. ఈసారి గొంతులో బెదిరింపు లేదు, నిజమైన భయమే ఉంది.

"నా చేత్తో విరిగిందని వీధంతా చెప్పారు అత్తయ్యా. నేను బతికే ఉన్నాను."

"నువ్వూ ఆయనా ఒకటేనా?"

కాదు. అది మీటరమ్మకీ తెలుసు. అందుకే కత్తెర ఇంకా చేతిలోనే ఉంది. ఒక్క నొక్కు చాలు. దారం పోతుంది, ముసలాయన పరువు నిలబడుతుంది, తన బల్ల పోతుంది. 

మొగుడు వచ్చి కారు తాళం తీసి జేబులో వేసుకున్నాడు. తాళం లేకపోతే ఇంజను వేసి చూడటం ఎవరివల్లా కాదు.

పెద్దమేస్త్రీ ఆసుపత్రి నుంచి తిరిగొచ్చేసరికి పన్నెండు కావస్తోంది. ముగ్గురూ కారు చుట్టూ నిలబడి ఉండటం చూశాడు. చెప్పులు విడిచి, వంగి, తెరిచిన పలకలోకి చూశాడు. ఆయన మొహం విప్పారింది.

"చూశావా అమ్మాయ్, కట్టంటే అదీ. నువ్వు మెలేసి చిందరవందరగా వదిలేస్తే నేనే విప్పి సర్దాను. మెలిపడ్డ తీగా, మెలిక మనిషీ నాకు పనికిరారు."

కారులో దీపానికో తీగ, హారనుకో తీగ ఉన్న కాలంలో పని నేర్చిన మనిషి ఆయన. అప్పట్లో ఆయన కట్టు చూడటానికి వేరే షెడ్ల మేస్త్రీలు వచ్చేవాళ్లు. మెలిక అంటే ఆయన దృష్టిలో బద్ధకం. ఆ మెలికే పని చేస్తుందని ఆయనకి ఎవరూ చెప్పలేదు. చెప్పడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు, ఆమెకి కూడా.

"ఇంతకీ తప్పు దొరికిందా?" అన్నాడు. "ఎవరి చెయ్యి?"

మీటరమ్మ నోరు తెరిచింది. ఆమె కంటే ముందే మొగుడు అందుకున్నాడు.

"తనదే నాన్నా. ఒప్పుకుంది."

ఆమె గిర్రున మొగుడి వైపు తిరిగింది. పెద్దమేస్త్రీ మాత్రం కోడలి వైపు చూడలేదు, కొడుకు వైపు చూశాడు.

"ఒప్పుకోవడం ఎవడడిగాడురా? నేను చూపించమన్నాను." కారులో కూర్చుని చెయ్యి చాచాడు. "తాళం ఏది?"

పెద్దకొడుకు కదల్లేదు.

"తాళం అడిగాను."

"భోజనానికి లేవండి, చల్లారిపోతోంది," అంది అత్తగారు. పొద్దున్న పాలు పొంగాక ఆ ఇంట్లో మళ్లీ పొయ్యే వెలగలేదు.

ఆయన పెళ్లాన్ని చూశాడు, కొడుకు జేబుని చూశాడు, కోడలి చేతిలో కత్తెరని చూశాడు. చాచిన చెయ్యి మెల్లగా ఒళ్లోకి దించుకున్నాడు.

"అమ్మాయ్. ఏం వేస్తే పడిపోతోంది?"

"వైపర్లు మామయ్యా."

వైపరు తీగ ఏదో ఆ షెడ్డులో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు. వంగి మళ్లీ చూశాడు. మొదటి ముడి నుంచి చివరి ముడి దాకా వేలితో తడుముకుంటూ వెళ్లాడు. వేలు ఆగిపోయింది.

"తప్పు నాదీ ఉంది," అంది మీటరమ్మ. కత్తెర సీటు మీద పెట్టేసింది. "మూసిన పలక విప్పి చూడలేదు. వైపరు వేసి చూడలేదు. కానీ తీగలు విప్పింది నేను కాదు. ఈ ముక్క నా నోటితో చెప్పకుండా ఈ బల్ల వదలను."

ఆయన సీటు పట్టుకుని మెల్లగా కారు దిగాడు. వయసు మీద పడటం అంటే ఏమిటో ఆమె ఆ కాసేపట్లో చూసింది.

"చిన్నోడికి ఫోన్ కలుపు," అన్నాడు. "నేను మాట్లాడాలి."

అత్తగారు కోడలి చెయ్యి పట్టుకుంది. "వద్దమ్మా. నీకు దణ్ణం పెడతాను. మంచం మీదున్న పిల్లాడికి ఇప్పుడెందుకు?" పెళ్లైన ఆరేళ్లలో ఆవిడ ఆమెని అమ్మా అనడం అదే మొదలు. మొగుడు కూడా అడుగు ముందుకేశాడు. "ఫోన్ ముట్టుకున్నావో," అన్నాడు, ఆపైన ఏమిటో చెప్పలేకపోయాడు.

మీటరమ్మ అత్తగారి వేళ్లు ఒక్కొక్కటిగా విడిపించుకుంది. నంబరు నొక్కి, ఫోను పెద్దమేస్త్రీ చేతిలో పెట్టింది. ఆయన చెవికి ఆనించుకున్నాడు.

అవతల వెంటనే ఎత్తారు. వదిన నంబరు చూసి ఎత్తినవాడు, ఎవరు మాట్లాడుతున్నారని కూడా అడగలేదు. షెడ్డు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, చిన్నోడి గొంతు అక్కడున్న నలుగురికీ వినిపించింది.

"చెప్పు. నా కాలు విరగ్గొట్టిన చెయ్యి నీదేనా, కాదా?"

పెద్దమేస్త్రీ గొంతు సవరించుకున్నాడు.